అల్లామా అల్ బీరూనీ - అరవై నాలుగు గళ్ళ లెక్క

రాజ్యాలు ఏలిన సుల్తానుల పేర్లు మన పిల్లలు గడగడా అప్పజెబుతారు. ఎవరు ఏ సంవత్సరంలో గద్దెనెక్కారో, ఎవరిని ఎవరు ఓడించారో అన్నీ చెబుతారు. కాని అదే కాలంలో, అదే దర్బారుల్లో ఒక మూల కూర్చుని, కాగితం మీద అంకెలు వేసుకుంటూ జీవితమంతా గడిపిన వారి పేరు అడిగితే మాత్రం తలలు దించుకుంటారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మనం చెప్పలేదు, వాళ్ళు వినలేదు, అంతే.

అటువంటి మహనీయులలో ఒకరైన అల్లామా అబూ రైహాన్ అల్ బీరూనీ జీవితాన్ని ఈ సంచిక పాఠకులకు పరిచయం చేయాలని మేము సంకల్పించాము. ఆయన చేయని శాస్త్రం లేదంటే అతిశయోక్తి కాదు. గణితం, ఖగోళం, భూగోళం, చరిత్ర, రత్నశాస్త్రం, ఔషధాలు - అన్నింటిలోనూ గ్రంథాలు రాశారు. అన్నింటినీ ఒక వ్యాసంలో చెప్పడం మా వల్ల కాని పని. అందుచేత ఆయన వేసిన ఒకే ఒక లెక్కను చేతపట్టుకుని, ఆ దారిలో ఆయన జీవితాన్ని చూద్దాం. ఆ లెక్కకు జవాబు ఇరవై అంకెల సంఖ్య. ఆ సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615.

జననం, చదువు

అల్ బీరూనీ హిజ్రీ 362, అనగా క్రీ.శ. 973 సెప్టెంబరు 4న ఖ్వారిజమ్ దేశంలోని కాత్ పట్టణ పరిసరాల్లో జన్మించారు. ఈ ప్రాంతం అరల్ సముద్రానికి దక్షిణంగా, ఆమూ దర్యా నది ఒడ్డున ఉన్నది. ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో చేరి ఉంది. బేరూన్ అంటే బయట అని ఉర్దూ వచ్చిన వాళ్ళందరికీ తెలుసు. ఊరి బయటి వాడు అనే అర్థంలో ఆయనకు ఆ పేరు నిలిచిపోయింది. ఊరి బయట పుట్టిన ఆ బాలుడి పేరే 1957లో అక్కడి ఒక పట్టణానికి పెట్టారు. చంద్రుని మీద ఒక గుంటకు కూడా ఆయన పేరు ఉంది.

ఆయన ఉస్తాద్ అబూ నస్ర్ మన్సూర్ ఖ్వారిజమ్ ఏలుతున్న రాజవంశానికి చెందినవాడు, గొప్ప గణిత పండితుడు. శిష్యుడిలోని చురుకుదనం చూసి చేరదీశాడు. తరువాతి కాలంలో గురువే శిష్యుడి కోసం కొన్ని పుస్తకాలు రాసి ఇచ్చాడంటే, ఆ ఇద్దరి మధ్య ఎటువంటి బంధం ఉండేదో ఊహించుకోవచ్చు.

చదువు సాఫీగా సాగలేదు. 995లో ఖ్వారిజమ్‌లో అంతర్యుద్ధం వచ్చింది. రాజవంశం కూలిపోయింది. ఇరవై రెండేళ్ళ అల్ బీరూనీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దేశం విడిచి పోవలసి వచ్చింది. రయ్ నగరంలో ఆయన చేతిలో చిల్లిగవ్వ లేని రోజులు గడిపారు. అక్కడ ఒక పండితుడు శాస్త్ర విషయంలో వాదానికి దిగి, ఈ కుర్రవాడి బీదతనం చూసి మాటను చులకన చేశాడట. తరువాత అల్ బీరూనీకి మంచి రోజులు రాగానే ఆ పండితుడే స్నేహం చేశాడట. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. మాట నిజమా కాదా అని కాక, చెప్పిన వాడి చొక్కా చూసి తూకం వేయడం ఈనాటిది కాదన్న మాట.

997 మే నెలలో చంద్రగ్రహణం వచ్చింది. అప్పటికి అల్ బీరూనీ మళ్ళీ కాత్‌లో ఉన్నారు. బాగ్దాద్‌లో ప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫా ఉన్నాడు. ఇద్దరూ ముందే అనుకుని, ఎవరి ఊళ్ళో వారు అదే గ్రహణాన్ని చూసి వేళ రాసుకున్నారు. గ్రహణం అందరికీ ఒకేసారి పడుతుంది, కాని రెండు ఊళ్ళ పొద్దు వేరు. రెండు వేళల మధ్య సుమారు ఒక గంట తేడా వచ్చింది. ఆ తేడాను బట్టి రెండు నగరాల మధ్య తూర్పు పడమరల దూరం లెక్క కట్టారు. తారూ లేదు, టెలిఫోనూ లేదు. వందల మైళ్ళ దూరంలో ఉన్న ఇద్దరు మనుషులు ఆకాశాన్నే గడియారం చేసుకున్నారు.

జుర్జాన్‌లో మొదటి పెద్ద గ్రంథం

తరువాత ఆయన కాస్పియన్ సముద్రం దగ్గరి జుర్జాన్ పాలకుడు ఖాబూస్ ఆశ్రయానికి చేరారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో, అంటే సుమారు ఇరవై ఏడేళ్ళ వయసులో, అక్కడే అల్ ఆసారుల్ బాఖియా అనే గ్రంథం పూర్తి చేసి ఖాబూస్‌కు అంకితమిచ్చారు. ప్రపంచంలోని జాతులన్నీ సంవత్సరాలనూ, నెలలనూ, పండుగలనూ ఎలా లెక్కిస్తాయో అందులో రాశారు. యూదులు, క్రైస్తవులు, పారశీకులు, అరబ్బులు, ఖ్వారిజమ్ ప్రజలు, ఎవరి పంచాంగం వారిదే. ఒక జాతి లెక్కను ఇంకొక జాతి లెక్కలోకి మార్చే పద్ధతులూ చూపించారు. మన చదరంగం లెక్క ఈ గ్రంథంలోనే సందర్భవశాత్తు వస్తుంది.

కథ అందరూ విన్నదే. హిందూ దేశంలో ఒక జ్ఞాని షత్రంజ్ ఆటను కనిపెట్టి రాజుకు చూపించాడు. రాజు సంతోషించి ఏమి కావాలో కోరుకోమన్నాడు. ఆ జ్ఞాని మొదటి గడికి ఒక గోధుమ గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇలా గడి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళకూ ఇమ్మన్నాడు. రాజు ఇంతేనా అని నవ్వాడు. లెక్కలు వేసిన గుమాస్తాలు వచ్చి, ఖజానా కాదు గదా భూలోకమంతా వెతికినా అన్ని గింజలు దొరకవని చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

ఇది కథ. జరిగిందో లేదో ఎవరూ చూడలేదు. ఎంతో మంది ఈ కథను విని, ఆశ్చర్యపడి, మరొకరికి చెప్పారు. పదమూడవ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ అయితే, లెక్కలు తెలిసిన ఒకాయన కాగితం మీద వేసి చూపించేదాకా అంత పెద్ద సంఖ్య వస్తుందని తనకు నమ్మకం కలగలేదని రాశాడు. కథను చెప్పడం వేరు, లెక్కను తేల్చడం వేరు. అల్ బీరూనీ లెక్కను తేల్చినవారు.

ఆయన లెక్క వేసిన తీరు

మామూలుగా మనమైతే ఏం చేస్తాం? ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అనుకుంటూ అరవై మూడు సార్లు రెట్టింపు చేస్తాం. ఆ తరువాత అరవై నాలుగు సంఖ్యలనూ నిలువున వేసి కూడుతాం. ఎక్కడో ఒక చోట చేయి తప్పుతుంది, మొత్తం తప్పుతుంది. పిల్లలు లెక్కలంటే భయపడేది ఇక్కడే. పని ఎంత పొడుగో చూసి భయపడతారు.

అల్ బీరూనీ ముందు గళ్ళ స్వభావాన్ని చూశారు. రెండు సూత్రాలు పట్టుకున్నారు.

మొదటి సూత్రం: ఏదైనా ఒక గడిలోని సంఖ్యను దానితోనే హెచ్చిస్తే, ఆ గడి మొదటి గడికి ఎంత దూరంలో ఉందో మళ్ళీ అంత దూరం ముందుకు పోయిన గడిలోని సంఖ్య వస్తుంది. అయిదవ గడిలో 16 ఉంది. అది మొదటి గడికి నాలుగు గళ్ళ దూరం. మరి నాలుగు గళ్ళు ముందుకు పోతే తొమ్మిదవ గడి. అక్కడ ఉన్నది 256. పదహారు పదహార్లు 256 కదా!

రెండవ సూత్రం: ఏ గడి సంఖ్య నుండి అయినా ఒకటి తీసివేస్తే, దానికి ముందున్న గళ్ళన్నింటి మొత్తం వస్తుంది. ఆరవ గడిలో 32 ఉంది. ఒకటి తీస్తే 31. ముందున్న అయిదు గళ్ళను కూడి చూడండి: 1, 2, 4, 8, 16. మొత్తం 31.

ఇప్పుడు ఆయన నడిచిన దారి చూడండి.

అయిదవ గడి: 16
తొమ్మిదవ గడి: 16 × 16 = 256
పదిహేడవ గడి: 256 × 256 = 65,536
ముప్పై మూడవ గడి: 65,536 × 65,536 = 4,29,49,67,296
అరవై అయిదవ గడి: దీనిని దీనితోనే హెచ్చిస్తే 1,84,46,74,40,73,70,95,51,616

చదరంగం పలక మీద అరవై అయిదవ గడి లేదు. ఉన్నట్టు ఊహించుకుంటే చాలు. రెండవ సూత్రం ప్రకారం దానిలో నుండి ఒకటి తీసివేస్తే, అరవై నాలుగు గళ్ళ మొత్తం మన చేతికి వస్తుంది. చివరి అంకెలు 616కు బదులు 615. అరవై మూడు రెట్టింపులు, ఒక కొండంత కూడిక చేయవలసిన చోట, నాలుగు హెచ్చవేతలు, ఒక తీసివేత. మేము తరగతిలో ఈ లెక్క చెప్పినప్పుడల్లా పిల్లలు కొద్దిసేపు నోట మాట లేకుండా ఉండిపోతారు. తరువాత వాళ్ళే పలకలు తీస్తారు.

ఇంత పెద్ద సంఖ్యను కేవలం అంకెల్లో రాస్తే మనసుకు పట్టదని అల్ బీరూనీకి తెలుసు. అందుకని ఒక బొమ్మ గీసి చూపించారు. పదివేల చొప్పున సంచుల్లో నింపుదాం. ఎనిమిది సంచులు ఒక కంచరగాడిద బరువు. పదివేల కంచరగాడిదలు ఒక మంద. ఒక్కొక్క వాగు ఒడ్డున వెయ్యి మందలు. ఒక్కొక్క పర్వతం నుండి పదివేల వాగులు. అప్పుడు ఎన్ని పర్వతాలు కావాలి? 2,305 పర్వతాలు నిండి ఇంకా మిగులుతుంది. పాఠకులు కావాలంటే భాగించి చూసుకోవచ్చు.

మన కాలపు కొలతల్లోనూ చూద్దాం. మన లెక్కలో చెప్పాలంటే ఈ సంఖ్య లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు దాటింది. వెయ్యి గోధుమ గింజలు సుమారు 40 గ్రాములు అనుకుంటే, మొత్తం బరువు సుమారు 73,000 కోట్ల టన్నులకు పైమాట. ఈ మధ్య సంవత్సరాలలో ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండిస్తున్న గోధుమలు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే ప్రపంచమంతా ఒక్క గింజ కూడా తినకుండా తొమ్మిది వందల ఏళ్ళకు పైగా పండించి పోయాలి. సెకనుకు ఒక గింజ చొప్పున లెక్కబెట్టినా 58,000 కోట్ల సంవత్సరాలు దాటుతుంది. శాస్త్రజ్ఞులు చెప్పే విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలే.

ఆ సంఖ్య కడుపులో ఏమున్నది

సంఖ్య వచ్చింది. సరైనదేనా? ఆ కాలపు అరబీ గణితంలో హెచ్చవేతను సరిచూడడానికి తొమ్మిదుల తనిఖీ అనే పద్ధతి వాడుకలో ఉండేది. ఇప్పటికీ పనికివస్తుంది. సంఖ్యలోని అంకెలన్నీ కూడాలి, వచ్చిన దానిని మళ్ళీ కూడాలి, ఒక్క అంకె మిగిలే దాకా. 16కు 7 వస్తుంది. 256కు 13, అంటే 4. ఏడు ఏళ్ళు నలభై తొమ్మిది, అంకెలు కూడితే 13, అంటే 4. సరిపోయింది. 65,536కు 25, అంటే 7. నాలుగు నాలుగులు పదహారు, అంటే 7. సరిపోయింది. ముప్పై మూడవ గడికి 58, అంటే 13, అంటే 4. అరవై అయిదవ గడికి 88, అంటే 16, అంటే 7. ఏడు, నాలుగు, ఏడు, నాలుగు, ఏడు - గడియారం టిక్కు టక్కుమన్నట్టు వస్తుంది. అయితే ఒక్క జాగ్రత్త. రెండు అంకెలు తారుమారైతే ఈ తనిఖీ పట్టుకోలేదు. కాబట్టి ఇది తప్పు ఉంటే చాలావరకు చూపిస్తుందే గాని, తప్పు లేదని పూర్తిగా హామీ ఇవ్వదు.

ఇక అసలు విశేషం. ఏ సంఖ్యనైనా దానితోనే హెచ్చించి ఒకటి తీసివేస్తే, ఆ జవాబు ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువను, ఒకటి ఎక్కువతో హెచ్చించినట్టే. 16 × 16 నుండి ఒకటి తీస్తే 255. అది 15 × 17. అల్ బీరూనీ ఎక్కిన మెట్ల మీదుగానే మళ్ళీ కిందికి దిగుతూ వస్తే, గింజల మొత్తం తనంతట తానే ముక్కలవుతుంది. అది ఇలా వస్తుంది: 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297. అంటే ఆయన మెట్లలో ఒక్కొక్క సంఖ్యకూ ఒకటి కలిపితే వచ్చేవే ఇందులోని పెద్ద కారణాంకాలు.

ఇందులో 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలు. అనగా ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగించబడవు. చివరి పెద్ద సంఖ్య సంగతేమిటి? అల్ బీరూనీ తరువాత ఆరు వందల ఏళ్ళకు ఫ్రాన్సు దేశపు ఫెర్మా అనే గణితవేత్త ఇటువంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉండాలని భావించాడు. ఫెర్మా సామాన్యుడు కాదు. ఆయన అన్నాడు కాబట్టి నిజమే అయి ఉంటుందని అనుకున్నవాళ్ళూ లేకపోలేదు. కాని రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న స్విట్జర్లాండ్ దేశస్థుడు ఆయిలర్ 1732లో భాగించి చూపించాడు. 4,29,49,67,297 అంటే 641 × 67,00,417. ఎంత పెద్దవాడి మాట అయినా ఒక భాగహారం ముందు నిలవలేదు.

కనుక ఆ గోధుమ గింజల సంఖ్య ఏడు వేరు వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం. దానిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు, ఒకటితోనూ తనతోనూ కలిపి, సరిగ్గా 128. ఇంకొక చమత్కారం. ఈనాటి కంప్యూటర్లు సాధారణంగా అరవై నాలుగు గళ్ళ పట్టీలో సంఖ్యలు దాచుకుంటాయి, ఒక్కొక్క గడిలో సున్నా గాని ఒకటి గాని ఉంటుంది. ఆ పట్టీలో పట్టే అన్నిటికంటే పెద్ద పూర్ణసంఖ్య ఇదే, గింజ కూడా తేడా లేదు.

హిందూ దేశంలో పుట్టిన ఆట, ఖ్వారిజమ్ వాడు జుర్జాన్‌లో వేసిన లెక్క, ఫ్రాన్సు వాడి ఊహ, స్విట్జర్లాండ్ వాడి సవరణ. ఈ సంఖ్యకు సొంతదారు ఎవరని అడిగితే ఏం చెబుతాం?

గజనీ, హిందూ దేశం

1004 ప్రాంతంలో అల్ బీరూనీ స్వదేశం తిరిగి వెళ్ళి అక్కడి కొత్త పాలకుడి కొలువులో ఉన్నారు. ఆ ప్రశాంతత కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1017లో సుల్తాన్ మహమూద్ గజనవీ ఖ్వారిజమ్‌ను పట్టుకున్నాడు. పండితులను తన రాజధాని గజనీకి తరలించాడు. అల్ బీరూనీ కూడా అందులో ఉన్నారు. కొలువు దొరికింది గాని, అది కోరుకుని చేరిన కొలువు కాదు.

1018లో కాబూల్ దగ్గర ఒక పల్లెలో ఉండగా సూర్యుని ఎత్తు కొలవవలసి వచ్చింది. చేతిలో పరికరం ఒక్కటి లేదు. ఆయన ఊరికే కూర్చోలేదు. లెక్కలు వేసుకునే పలకను తిరగేసి, దాని వెనుక వృత్తపు ముక్క గీసి, డిగ్రీలు గుర్తించి, ఒక దారానికి బరువు కట్టి వేలాడదీసి, పని కానిచ్చారు. మా బడిలో లాబొరేటరీ లేదు కదా అని అనుకునే మాబోటి ఉపాధ్యాయులు ఈ సంగతిని తప్పక జ్ఞాపకం ఉంచుకోవాలి.

తరువాత సుల్తాన్ దండయాత్రల కారణంగా పంజాబ్ వైపు రావలసి వచ్చింది. నేటి పాకిస్తాన్‌లో జీలం నదికి దగ్గరలోని నందనా కోట వద్ద ఆయన భూమి కొలత తీశారు. మైదానం పక్కన నిలబడిన కొండ ఎత్తు ముందు కొలిచారు. అది సుమారు 652 మూరలు. ఆ తరువాత కొండ శిఖరం ఎక్కి, నేల ఆకాశం కలిసే గీత ఎంత కిందికి కనబడుతుందో ఆ కోణం కొలిచారు. అది డిగ్రీలో సుమారు సగం, 34 నిమిషాలు. ఈ రెంటితో భూమి వ్యాసార్ధం లెక్క కట్టారు. అంతకు ముందు ఖలీఫా మామూన్ కాలంలో ఎడారిలో మైళ్ళ తరబడి మనుషులను నడిపించి కొలిచిన కొలతను, ఆయన ఒక కొండ మీద నిలబడి సరిచూశారు. వచ్చిన జవాబు నేటి కొలతకు దగ్గరగానే ఉన్నది. చదరంగం లెక్కలో వలెనే ఇక్కడ కూడా పొడుగాటి దారికి బదులు ఆలోచించి కనిపెట్టిన పొట్టి దారి.

ఇక అన్నింటికంటే పెద్ద పని. మహమూద్ సైన్యంతో వచ్చిన వాళ్ళు బంగారం లెక్కబెట్టుకుంటుంటే, అల్ బీరూనీ పండితుల కోసం, పుస్తకాల కోసం వెతికారు. నలభై దాటిన వయసులో సంస్కృతం నేర్చుకున్నారు. ఆ భాష ఎంత కష్టపెట్టిందో దాచకుండా రాశారు. పతంజలి యోగ సూత్రాలను అరబీలోకి తెచ్చారు. యూక్లిడ్ రేఖాగణితాన్ని సంస్కృత శ్లోకాల్లో పెట్టే ప్రయత్నం చేశారు. బ్రహ్మగుప్తుడు, వరాహమిహిరుడు రాసిన గ్రంథాలు చదివి పరిశీలించారు. 1030లో ఎనభై అధ్యాయాల కితాబుల్ హింద్ పూర్తి చేశారు.

ఆ గ్రంథం మొదట్లోనే విన్న మాటకూ కంటితో చూసిన దానికీ ఉన్న తేడాను వివరిస్తారు. ఇతరుల మతం గురించి రాసేవాళ్ళు ఎక్కువ మంది ఒకరి మాట ఒకరు ఎత్తి రాసుకున్నవాళ్ళే అని ఆయన బాధ. అందుకని హిందువుల విశ్వాసాలను వాళ్ళ గ్రంథాల ఆధారంగానే చెప్పారు. తమకు నచ్చనిది నచ్చలేదన్నారు, మెచ్చుకోవలసింది మెచ్చుకున్నారు. తనను పోషించే సుల్తాన్ దండయాత్రలు ఆ దేశపు సౌభాగ్యాన్ని నాశనం చేశాయనీ, అందువల్లనే అక్కడి ప్రజలకు ముసల్మానుల మీద తీరని విముఖత ఏర్పడిందనీ, విద్యలు దూర ప్రాంతాలకు తరలిపోయాయనీ కూడా రాశారు. ఆ దర్బారు నీడలో ఉండి ఈ మాట రాయడానికి ఎంత గుండె కావాలి!

సంఖ్యల విషయం ఆ గ్రంథంలోనూ వదలలేదు. అరబీలో వేయితో పేర్లు ఆగిపోతాయి, ఆ పైన వేల వేలు అంటూ పోవాలి. హిందువులు మాత్రం ఏకం నుండి పరార్ధం దాకా పద్దెనిమిది స్థానాలకు పేర్లు పెట్టారని ఆ పేర్లన్నీ వరుసగా రాశారు. మన చదరంగం సంఖ్య ఇరవై స్థానాలది. పరార్ధం కూడా దానికి చాలలేదు. దేశంలోని లిపులను చెబుతూ కర్ణాట లిపితో పాటు ఆంధ్ర దేశంలో వాడే ఆంధ్రీ లిపిని కూడా పేర్కొన్నారు. తాను కాలు పెట్టని మన ప్రాంతపు అక్షరాలకు కూడా వెయ్యేళ్ళ క్రితం ఆ గ్రంథంలో చోటిచ్చారన్న మాట.

చివరి రోజులు

1029లో గణిత ఖగోళ విషయాలను ప్రశ్న జవాబుల రూపంలో బోధించే తఫ్హీమ్ అనే పుస్తకం రాశారు. అది ఖ్వారిజమ్‌కు చెందిన రైహానా అనే స్త్రీ కోసం రాసింది. ఆడపిల్లకు లెక్కలెందుకని ఈనాటికీ అనేవాళ్ళున్నారు. వాళ్ళ దృష్టికి ఈ సంగతి తేవడం మా కర్తవ్యం అనుకుంటాము.

మహమూద్ తరువాత గద్దెనెక్కిన సుల్తాన్ మసూద్ పేరిట ఖానూనుల్ మసూదీ అనే మహాగ్రంథం రాశారు. సంతోషించిన సుల్తాన్ ఒక ఏనుగు మోసేటంత వెండి పంపించాడనీ, అల్ బీరూనీ తనకు అవసరం లేదని ఖజానాకు తిప్పి పంపారనీ చెబుతారు. పలక మీది గింజలను లెక్కబెట్టిన మనిషికి ఎంత చాలునో కూడా తెలుసునన్న మాట. 1036లో తన రచనల పట్టీ తానే తయారు చేశారు. అందులో 113 పేర్లు ఉన్నాయి. ఆ తరువాత కూడా కలం ఆగలేదు. కంటి చూపు, వినికిడి తగ్గినా, ఎనభై దాటిన వయసులో ఔషధాల మీద పుస్తకం పనిలో ఉన్నారు.

గజనీలో ఆయన కన్నుమూశారు. 1048 అని కొందరు, 1050 తరువాత అని కొందరు చరిత్రకారులు అంటారు. ఆఖరి ఘడియల్లో ఒక న్యాయశాస్త్ర పండితుడు పరామర్శకు వచ్చాడట. అల్ బీరూనీ ఆయాసపడుతూనే వారసత్వ వాటాల లెక్కలో ఒక చిక్కును గురించి ఆయనను అడిగారట. ఈ స్థితిలో ఇప్పుడా అని ఆయన జాలిపడితే, తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అన్నట్టు జవాబిచ్చారట. పండితుడు వివరించి వీధిలోకి వచ్చేసరికి ఇంట్లో నుండి ఏడుపు వినిపించిందని పూర్వపు రచయితలు రాశారు.

మన హైదరాబాదుకు ఆయనతో ఒక సంబంధం ఉన్నది. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఆయన అరబీ గ్రంథాలను అచ్చు వేసింది. రత్నాల మీది గ్రంథం 1936లో, ఖానూనుల్ మసూదీ మూడు సంపుటాలుగా 1954-56లో, కితాబుల్ హింద్ 1958లో వెలువడినవి. ప్రపంచ దేశాల పండితులు వెతుక్కునే పుస్తకాలు మన ఊళ్ళో అచ్చయినవి.

అల్ బీరూనీ జీవితం నుండి తీసుకోవలసింది ఏమిటని అడిగితే మేము ఒక్క మాటే చెబుతాము. ఆయనకు విన్న మాట చాలలేదు. గింజల సంఖ్య విన్నారు, లెక్క వేశారు. భూమి కొలత విన్నారు, కొండ ఎక్కి కొలిచారు. పరాయి వాళ్ళ విశ్వాసం గురించి విన్నారు, వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళ పుస్తకం తెరిచారు. మనలో ఎంత మందిమి పక్కింటి వాళ్ళ పండుగ ఏమిటో వాళ్ళను అడిగి తెలుసుకున్నాం? వాళ్ళలో ఎంత మంది మన గురించి మనల్ని అడిగారు? విన్న మాటే చేతులు మారుతూ గడి గడికీ రెట్టింపు అవుతుంది. పది మంది చెప్పుకునేసరికి అది కొండంత అవుతుంది. నిజాన్ని మాత్రం ఎవరో ఒకరు కూర్చుని లెక్క వేయాలి.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి. ఈ సంచిక ఇంటికి చేరిన రోజున మీ అబ్బాయికీ అమ్మాయికీ ఒక కాగితం, పెన్సిలు ఇవ్వండి. పదహారు పదహార్లు ఎంతో అడగండి. అక్కడి నుండి ఇంకా మూడు హెచ్చవేతలే ఉన్నాయి. చివరిది కాస్త పెద్దది. తప్పు వస్తే తొమ్మిదుల తనిఖీతో పట్టుకోమనండి. మేము ఇచ్చిన సంఖ్యను కూడా నమ్మవద్దని, తామే వేసి చూడమని చెప్పండి.